చావైన ఇంట్లో అనకూడని మాట

ఈ మధ్య ఒక శిక్షణ తరగతికి నన్ను పిలిచి, మీ సర్వీసులో సాధించిన విజయం ఒకటి పిల్లలకు చెప్పండి మేడం అన్నారు. విజయాలు చెప్పుకునే రిటైరైన వాళ్ళు మా శాఖలో కావలసినంతమంది ఉన్నారు. అందుకని నేను ఒక తప్పు గురించి మొదలుపెట్టాను. నా చేత్తో రాసి, అచ్చు వేయించి, నలభై మందికి నేర్పి, వాళ్ళు దాన్ని చక్కగా అమలు చేస్తున్నారని నాలుగు నెలలు సంతకాలు పెట్టిన తప్పు. కథ సగంలో ఉండగా భోజనాలు వచ్చేశాయి. తిన్నాక మిగతాది ఎవరూ అడగలేదు. అడగకపోయినా చెప్పడం నాకు ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో అలవాటైంది కాబట్టి, ఈ పనిలోకి కొత్తగా వస్తున్న మీ కోసం ఇక్కడ మొదటి నుంచి రాస్తున్నాను.

నేను ఆరోగ్య శాఖలో చేశాను. టీకాలు, దోమలు, బాలింతల తిండి, ఏది చెప్పమంటే అది ఊరూరా తిరిగి చెప్పేదాన్ని. చివరి మూడేళ్ళు నన్ను మానసిక ఆరోగ్యం వైపు వేశారు. చేవెళ్ళ, మొయినాబాద్ మండలాల్లో ఎవరైనా ఆత్మహత్య చేసుకుంటే, ఆ ఇంట్లో మిగిలిన వాళ్ళకు తోడు నిలబడే మనుషులను తయారు చేయాలి. అదీ నాకిచ్చిన పని. ఆశా కార్యకర్తలు, నర్సులు, ఇద్దరు కానిస్టేబుళ్ళు, కొందరు టీచర్లు, ఊళ్ళో నలుగురికీ కావలసిన వాళ్ళు కొందరు నా విద్యార్థులు.

ఇలాంటి ఇళ్ళ గురించి మీకు ఒక మాట ముందే చెప్పాలి. అక్కడి దుఃఖం మామూలు చావు ఇంట్లో దుఃఖం కాదు. పోలీసులు వచ్చి వాంగ్మూలం రాసుకుంటారు. చుట్టాలు వచ్చి ఎందుకు చేసిండని అడుగుతారు. పక్కింటివాళ్ళు అడగరు, కానీ వాళ్ళ మొహంలో అదే ప్రశ్న ఉంటుంది. ఇంటివాళ్ళకు ఏడవడానికి తీరిక ఉండదు, జవాబులు చెప్పుకోవడంతోనే సరిపోతుంది. దినాలు అయిపోయాక వచ్చేవాళ్ళు ఆగిపోతారు. అప్పుడు మొదలవుతుంది అసలు ఏడుపు. ఆ మిగిలినవాళ్ళలోనే ఇంకొకరు అదే దారి గురించి ఆలోచించే ప్రమాదం ఉంటుంది. వాళ్ళను ఒంటరిగా వదలకుండా చూడటమే మా శిక్షణ అంతా.

నాతో పనిచేసిన సైకాలజిస్టు గండిపేట దగ్గర కాలేజీలో చదువుకుని వచ్చిన అమ్మాయి. స్కూటీ దిగుతూనే ఇంగ్లిష్ మొదలుపెట్టేది. మంచి పిల్ల, నాకన్నా బాగా వినగలదు. పై నుంచి వచ్చిన పుస్తకం ఒకటి పట్టుకొచ్చింది. అందులో మొదటి పాఠం పేరు "ఆప్తవియోగానంతర అనుసరణ సంపర్కం". ఆ మాట చదవగానే మా వలంటీర్లలో ఒకాయన, ఆర్టీసీలో కండక్టరుగా చేసి దిగిపోయిన పెద్దమనిషి, చెయ్యెత్తి అడిగాడు: "మేడం, ఈ బస్సు ఏ డిపోది?"

ఆ పుస్తకం అక్కడితో మూశాం. ఆ రాత నాకు నచ్చలేదు, పైగా నా రాత మీద నాకు గర్వం. రెండు రోజులు కూర్చుని జేబులో పట్టేటంత కార్డు మీద ఆరు వాక్యాలు రాశాను. పోయినవారి పేరు పెట్టి మాట్లాడు. ఎందుకు చేశారని అడగకు. ఏడిస్తే ఏడవనీ. నీ ఇంటి కథలు చెప్పకు. నీకు కూడా చచ్చిపోవాలని అనిపిస్తోందా అని నేరుగా అడుగు. లేచేముందు, మళ్ళీ ఏ రోజు ఎన్ని గంటలకు వస్తావో చెప్పి లే.

అయిదో వాక్యం దగ్గర మొయినాబాద్ మీటింగు హాల్లో రెండు రోజులు కొట్లాడుకున్నాం. లేని ఆలోచన మనమే పెట్టినట్లయితది గద మేడం అని నర్సులు. అడిగితే కొత్తగా పుట్టదు, లోపల ఉన్నది బయటికి చెప్పుకునే దారి దొరుకుతుంది అని మేము. సైకాలజిస్టు అమ్మాయి ఓపికగా పదిసార్లు చెప్పింది, నేను ఓపిక లేకుండా ఇరవైసార్లు చెప్పాను. మొత్తానికి ఒప్పుకున్నారు. ఆరో వాక్యం గురించి మాత్రం ఎవరూ నోరెత్తలేదు. నలభై మంది తెలంగాణవాళ్ళు ఒక విషయంలో మాట్లాడకుండా తలూపారంటే నాకు అప్పుడే అనుమానం రావలసింది.

శిక్షణలో ఒకరు ఇంటివాళ్ళుగా, ఒకరు వెళ్ళినవాళ్ళుగా కూర్చుని చేసి చూపించేవారు. నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు వేస్తే అదే ఇల్లు. కండక్టరన్న ఇందులో మొనగాడు. కొడుకు పోయిన తండ్రిగా కూర్చుంటే, అడగడానికి వెళ్ళిన కానిస్టేబులే కళ్ళు తుడుచుకున్నాడు. తోడు వెళ్ళినవాడిగా కూర్చుంటే మాట తక్కువ, చూపు నెమ్మది. చివరికి లేచేముందు, "వచ్చే బేస్తవారం పదింటికి మల్లొస్త అన్న" అని గురువారాన్ని మన పల్లెటూరి పేరుతో పిలిచి, ఎంత చక్కగా చెప్పేవాడంటే మిగతావాళ్ళందరికీ ఆయన్నే చూసి నేర్చుకోమన్నాను.

తర్వాత అందరూ ఇళ్ళకు వెళ్ళడం మొదలుపెట్టారు. ప్రతి ఇంటికీ ఒక ఫారం. అందులో ఆఖరి గడి, "మళ్ళీ వచ్చే రోజు చెప్పారా?" అన్నిటిలోనూ టిక్కులే. జిల్లా మీటింగులో మా పైఅధికారి ఆ ఫారాలు చేతిలో పట్టుకుని ఇట్లా పనిచెయ్యాలె అని అందరికీ చూపించాడు. ఆ రోజు నా తల కాస్త పెద్దదైన మాట నిజమే, ఇంటికి వెళ్ళి చూపించుకోవడానికి నాలుగు ఫొటోలు కూడా తీయించుకున్నాను.

కానీ రెండోసారి వెళ్ళినప్పుడు తలుపులు తెరుచుకోవడం లేదు. ఇంట్లో ఎవరూ లేరు అని రాసేవారు. పొలం దగ్గర ఉన్నామని ఫోనులో చెప్పారని రాసేవారు. ముడిమ్యాలలో ఒక ఇంట్లో అయితే ఆశా కార్యకర్తను చూసి, మళ్ళీ ఎంక్వైరీకి వచ్చిండ్రా అని అడిగారట. మొదటిసారి ఆమె భుజం మీద తల పెట్టి ఏడ్చిన ఆ ఇంటి తల్లే అలా అడిగింది.

నేను ఏం చేశానో తెలుసా? తిట్టాను. మీకు వినడం రాదు, కూర్చోవడం రాదు, ఇంకో రోజు శిక్షణ పెడతా అన్నాను. పెట్టాను కూడా. సైకాలజిస్టు అమ్మాయి ట్రస్ట్ బిల్డింగ్ అని, అంటే నమ్మకం ఎలా సంపాదించాలో, ఒక పూట క్లాసు తీసుకుంది. అందరూ నోట్సు రాసుకున్నారు. కండక్టరన్న మాత్రం ఆ పూటంతా తన చెప్పుల వంక చూస్తూ కూర్చున్నాడు. ఏమైందన్నా అని అడిగితే ఏం లేదు మేడం అన్నాడు.

అప్పుడు నేనే స్వయంగా ఒక ఇంటికి వెళ్ళి చూద్దామనుకున్నాను. చేవెళ్ళలో స్టీలు సామాన్ల దుకాణం ఉన్న ఒక కుటుంబం. ఇద్దరన్నదమ్ములు కలిసి నడిపేవారు. తమ్ముడు పెళ్ళి చేసుకోలేదు, అన్న దగ్గరే ఉండేవాడు. నలభై దాటిన మనిషి. ఆయన ప్రాణం తీసుకుని నెల కావస్తోంది. దినాలు అయ్యాక అన్న దుకాణం తెరిచాడు కానీ గల్లా దగ్గర ఊరికే కూర్చుంటున్నాడని, గిరాకీ వస్తే మాట్లాడటం లేదని, పక్క దుకాణం వాళ్ళు మా ఆశాకు చెప్పారు. ఆ ఇంటికి వచ్చిన వాళ్ళంతా తల్లిని పలకరించి వెళ్ళారు. అన్న అందరికీ కుర్చీలు వేశాడు, మంచినీళ్ళిచ్చాడు. ఆయన్ని పలకరించాలని ఎవరికీ తోచినట్టు లేదు.

ఒక రోజు పొద్దున పదకొండు గంటలకు నేనూ కండక్టరన్నా వెళ్ళాం. దుకాణం వెనకే ఇల్లు. తల్లి గడపలో కూర్చుని ఉంది. కోడలు వంటింట్లో నుంచి తొంగిచూసి లోపలికి పోయింది. ఊళ్ళో అందరూ సేటు అని పిలిచే ఆ అన్న మమ్మల్ని కూర్చోబెట్టి, తానూ ఎదురుగా ఒక స్టూలు మీద అంచున కూర్చున్నాడు, ఎవరైనా పిలిస్తే లేచిపోవడానికి సిద్ధంగా ఉన్నట్టు.

కండక్టరన్న ఎంత బాగా చేశాడో చెప్పలేను. తమ్ముడి పేరు పెట్టి, ఆయన గిన్నెలు ఎట్ల పేర్చేవాడో అడిగాడు. సేటు మొదట ఒక్కో మాట, తర్వాత ఒక్కో వాక్యం చెప్పాడు. అరగంటయ్యాక అసలు సంగతి వచ్చింది. రోజూ పొద్దున షట్టరు తీసేది తమ్ముడే. పోయిన రోజు పొద్దున మాత్రం, అన్నా ఇయ్యాల నువ్వు తియ్యవా అని అడిగాడట.

"నేను ఫోన్ చూస్తున్న. చాయ్ తాగినంక తీస్త పోరా అన్న. గంతే. ఎందుకన్నడని మొహం గూడ ఎత్తి చూడలే," అన్నాడు సేటు.

ఏడవలేదు. ఆ మాట చెప్పి, స్టూలు కాలు వంక చూస్తూ ఉండిపోయాడు.  కండక్టరన్న కార్డులో అయిదో వాక్యంలోని ప్రశ్న అడిగాడు. నీకు గూడ పోవాలనిపిస్తున్నదా సేటూ అని, పక్కనున్న మనిషిని అన్నం తిన్నావా అని అడిగినంత మామూలుగా. సేటు తల్లి వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి, "అనిపిస్తది. దినాం అనిపిస్తది," అన్నాడు.

మేం చెయ్యవలసినవన్నీ చేశాం. ఫోను చేసి సైకాలజిస్టు అమ్మాయితో మాట్లాడించాం. రేపు పొద్దున పదింటికి చేవెళ్ళ దవాఖానలో డాక్టరు దగ్గరికి రమ్మని ఆ అమ్మాయి చెప్పింది. ఆయన చూస్త అన్నాడు. రానని చెప్పడానికి మన దగ్గర అంతకన్నా మర్యాదైన మాట లేదు. ఇంట్లో ఆయన్ని ఒంటరిగా వదలొద్దని భార్యకు విడిగా చెప్పి వచ్చాను. ఇక లేవాలి.

లేచాం. నేను నోరు తెరిచాను. గడప దగ్గర తల్లి పక్కకు జరిగి దారి ఇచ్చింది. నేను తల వంచుకుని, చెప్పులు వేసుకుని, వెనక్కి చూడకుండా బయటికి వచ్చేశాను. కండక్టరన్న కూడా అంతే.

బస్టాండు దాకా నడిచాం. చాయ్ తాగుదామా అన్నా అని అడిగాను. ఆయన వద్దన్నాడు. ఇంటికి పోయి తానం చేసినంకనే ఏదన్న నోట్లె పోసుకుంటా అన్నాడు. చావైన ఇంటికి వెళ్ళొచ్చాక స్నానం చేయకుండా మన ఇళ్ళల్లో ఎవరూ ఏమీ ముట్టరు కదా. నేను కూడా ఆ మాటకు అలవాటుగా తలూపాను. ఊపిన తల ఊపుతూ ఉండగానే నాకు ఆరో వాక్యం గుర్తొచ్చింది.

"అన్నా, మళ్ళీ ఏ రోజు వస్తమో సేటుకు చెప్పినవా?" అన్నాను.

"మీరున్నరు గద. మీరే చెప్తరనుకున్న."

"నేను చెప్పలేదు."

 ఆయన నాలుగు నెలలుగా లోపల దాచుకున్నదంతా బయటపెట్టాడు. "చావైన ఇంట్ల మల్లొస్తనని ఎట్లంటం మేడం? ఇంకో చావుకొస్తమన్నట్టు గాదా? నా నోట్లెకెల్లి ఒక్కింట్ల గూడ రాలే. ఎవ్వరూ అంటలేరు. టిక్కులు పెడుతున్నం, అంతే. ఖాళీ పెడితే మీరు తిడతరు."

మరి క్లాసులో అంత బాగా ఎట్ల చెప్పావు అని అడిగాను. అక్కడున్నవి కుర్చీలే గద మేడం, ఇల్లు గాదు గద అన్నాడు.

ఇది నాకు తెలియని సంగతి అనుకునేరు. నేను పుట్టింది కొండకల్ దగ్గర ఊళ్ళో. మా నాయన పోయినప్పుడు మేనత్తలందరూ ఒక్కొక్కరే లేచి, ఒక్క మాట చెప్పకుండా, మమ్మల్ని దగ్గరికి తీసుకోకుండా తలలు దించుకుని వెళ్ళిపోవడం నాకు ఇప్పటికీ గుర్తు. శుభకార్యమైతే పోయొస్తం అంటాం, చావైన ఇంట్లో అనం. ఊహ తెలిసినప్పటి నుంచీ తెలుసు. ఎంత బాగా తెలుసంటే, కార్డు రాసేటప్పుడు అది అడ్డం వస్తుందనే ఆలోచనే నాకు రాలేదు. కాలు మాత్రం గడప దగ్గర దాన్నే పాటించింది.

ఒక్కసారి ఆ ఇళ్ళన్నీ కళ్ళముందు కదిలాయి. ఎవరో కొత్తవాళ్ళు వచ్చి, గంట సేపు గుండె లోపలిదంతా చెప్పించుకుని, ఒక్క మాట లేకుండా లేచిపోయారు. పది రోజుల తర్వాత చెప్పాపెట్టకుండా మళ్ళీ దిగారు. ఎంక్వైరీ అనుకోక ఏమనుకుంటారు? ఇప్పుడు చచ్చిపోవాలనిపిస్తోందని చెప్పిన మనిషిని కూడా అలాగే వదిలేసి వచ్చాను, నలభై మందికి పాఠాలు చెప్పిన దాన్ని. సిగ్గేసింది, అంతకన్నా భయమేసింది.

వెనక్కి పోదాం పద అన్నాను. కండక్టరన్న అలాగే నిలబడిపోయాడు. చావు ఇంటి నుంచి బయటపడ్డాక మళ్ళీ అదే పూట ఆ గడప తొక్కడం ఆయన ఎన్నడూ వినలేదు. నేను నడవడం మొదలుపెట్టాను. పది అడుగులు వేశాక వెనక ఆయన చెప్పుల చప్పుడు వినిపించింది.

తల్లి ఇంకా గడపలోనే ఉంది. మమ్మల్ని చూసి కంగారుగా లేచి, ఏమన్న మరిశిపోయిండ్రా బిడ్డ అని అడిగింది. సేటు లోపలి నుంచి వచ్చాడు. నాకు మెత్తగా చెప్పడం చేతకాదు, ఆ రోజు అసలే చేతకాలేదు. ఒక మాట చెప్పడం మరిచిపోయాం, బేస్తవారం పదింటికి మళ్ళీ వస్తాం అని మొహం మీద అనేశాను.

తల్లి రెండు చేతులతో చెవులు మూసుకుంది.

"అట్లనకు బిడ్డా. ఈ ఇంటికి ఒక్కటే సాలు."

నేను తప్పు దిద్దుకోబోయి ఇంకో తప్పు చేశాననుకున్నాను. కొడుక్కి ధైర్యం చెప్పబోయి తల్లిని భయపెట్టాను. కండక్టరన్న నా వంక చూడటం లేదు. ఏం చెప్పాలో తెలియక చేతులు జోడించబోతుంటే సేటు మాట్లాడాడు. మాతో కాదు, తల్లితో.

"అమ్మా, నాకు తెల్వదా అనొద్దని? నేను గూడ ఎవ్వరింట్ల అనలే. గని పదకొండు దినాలు నేను ఆ కుర్చీల పక్కన నిలబడి చూసిన. ఎంతమంది వచ్చిండ్రు, అందరు గట్లనే తల దించుకొని పోయిండ్రు. పొయ్యేటోళ్ళ ఈపులు చూస్తుంటె, ఇగ ఈ ఇంటికి ఎవ్వరు రారు అనిపించింది. ఇంతకు ముందు వీళ్ళు పోయినప్పుడు గూడ గట్లనే అనిపించింది. లోపటికి పోయి కూసున్న."

తల్లి చేతులు మెల్లగా కిందికి దిగాయి. కొడుకు మొహంలోకి చాలాసేపు చూసింది. ఈ నెల రోజుల్లో ఆమె పోయిన కొడుకునే చూస్తూ ఉందని, ఉన్న కొడుకును చూడటం ఇదే మొదటిసారని నాకు అనిపించింది.  ఆమె మా వైపు తిరిగింది.

"వచ్చినోళ్ళు అనొద్దు," అంది. "ఇంటోళ్ళు రమ్మనొద్దని ఎవ్వరన్నరు? బేస్తారం రాండ్రి. నేను రమ్మంటున్న."

తర్వాత కొడుకు చెయ్యి పట్టుకుని, నువ్వు గూడ అనురా అంది. ఆయనకు కొంచెం సేపు పట్టింది. రమ్మని పిలవడమంటే ఆ రోజుకు తాను ఉంటానని చెప్పడం కదా. 

"రాండ్రి," అన్నాడు. కండక్టరన్న వైపు తిరిగి, "రేపు దవాఖానకు గూడ నువ్వు తోడొస్తవా అన్న? ఒక్కన్ని పోబుద్ధి అయితలేదు," అన్నాడు.

మర్నాడు ఇద్దరూ కలిసి వెళ్ళారు. సైకాలజిస్టు అమ్మాయి మొయినాబాద్ నుంచి స్కూటీ మీద ముందే వెళ్ళి గేటు దగ్గర నిలబడింది. డాక్టరు మందులు రాశాడు, వారం వారం మాట్లాడటానికి ఈ అమ్మాయికి అప్పజెప్పాడు. బేస్తవారం మేం వెళ్ళేసరికి ఆ ఇంటి తలుపు బార్లా తీసి ఉంది, రెండు కుర్చీలు ముందే వేసి ఉన్నాయి.

ఆ తర్వాత నెల మీటింగులో నలభై మందినీ కూర్చోబెట్టి, ఆరో వాక్యం ఇంతవరకూ ఎవరు చెప్పారో చెయ్యెత్తమన్నాను. ఒక్క చెయ్యి లేవలేదు. ముందు నేనే చెప్పలేకపోయానని ఒప్పుకున్నాక నవ్వులు మొదలయ్యాయి, ఆ తర్వాత మాటలు వచ్చాయి. ఒక ఆశా కార్యకర్త అయితే ఇంట్లో అనలేక, వీధి మలుపు దాకా పోయి గోడకు చెప్పి వచ్చి టిక్కు పెట్టేదట, అబద్ధం రాయడం ఇష్టం లేక. ఒక కానిస్టేబుల్ తన బాధ చెప్పుకున్నాడు: "మల్లొస్తమని మేమంటె ఇంటోళ్ళు ఇంకింత భయపడ్తరు మేడం. మేం పోతున్నమంటెనే వాళ్ళకు సంతోషం." ఆయనకు యూనిఫాం లేకుండా వెళ్ళమని సలహా ఇచ్చాం. అది కూడా మొదటి రోజే చెప్పి ఉండాల్సిన సలహా.

కార్డు మళ్ళీ అచ్చు వేయించాను. ఆరో వాక్యం కొట్టేసి, మళ్ళీ ఎప్పుడు రమ్మంటరని అడుగు, చెప్పేదాకా ఆగు అని రాశాను. దీన్ని అడిగినప్పుడు ఇళ్ళల్లో వింతవింతగా జవాబులు వచ్చేవి. కొందరు వెంటనే రేపే రమ్మనేవారు. కొందరు ముసలివాళ్ళ వంక చూసేవారు. ఒకామె పది నిమిషాలు ఆలోచించి అమాస పోనీ అంది. చావు వచ్చిన రోజు నుంచి ఆమె తరఫున అన్నీ ఎవరో ఒకరు నిర్ణయిస్తున్నారు. కనీసం ఒక రోజు పేరు ఆమె నోటితో చెప్పింది. అసలు రావద్దని తెగేసి చెప్పినవాళ్ళూ ఉన్నారు. అదీ మంచిదే, తాళం వేసిన తలుపు కన్నా రావద్దన్న మాట నయం. అలాంటి ఇళ్ళకు వాళ్ళకు నచ్చిన ఇంకొకరిని పంపేవాళ్ళం. ముడిమ్యాల ఇల్లు మాత్రం మాకు మళ్ళీ తెరుచుకోలేదు. ఆ తల్లిని తలుచుకుంటే ఇప్పటికీ నాకు మనసు చివుక్కుమంటుంది. ఆమె మమ్మల్ని నమ్మి ఏడ్చింది, మేం ఆ నమ్మకాన్ని గడప దగ్గర వదిలేసి వచ్చాం.

ఫారంలో గడి ఎందుకు మార్చారని పైఅధికారి నన్ను పిలిచి అడిగాడు. జరిగింది జరిగినట్టు చెప్పాను, టిక్కులన్నీ ఉత్తవేనని కూడా చెప్పాను. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, నిరుడు వాళ్ళ బావమరిది ఇంట్లో చావైనప్పుడు తాను కూడా అలాగే లేచి వచ్చేశానని అన్నాడు. నా మీద మెమో వస్తుందనుకున్నాను, రాలేదు. ఆ రోజు సాయంత్రం ఆయన బావమరిదికి ఫోను చేశాడని తర్వాత తెలిసింది.

మీరు నేర్చుకోవలసింది ఏమిటని ఎవరైనా అడిగితే నా దగ్గర పెద్ద మాటలేమీ లేవు. క్లాసులో అందరూ చక్కగా చేస్తున్నారంటే సంతోషించకండి. ఒకసారి వాళ్ళతో పాటు ఇంటికి వెళ్ళి, మీ కాళ్ళు ఏం చేస్తున్నాయో చూసుకోండి. ఎవరైనా చెప్పుల వంక చూస్తూ కూర్చుంటే, ఏం లేదు మేడం అన్నా సరే, వదలకుండా ఇంకోసారి అడగండి. నేను ఇంకోసారి అడిగి ఉంటే ఎన్నో రోజులు కలిసొచ్చేవి.

సేటు ఇంటికి మేం ఎనిమిది నెలలు వెళ్ళాం. లేచేముందు ప్రతిసారీ కండక్టరన్న అడిగేవాడు, ప్రతిసారీ సేటు రోజు చెప్పేవాడు. మొదట్లో నాలుగు రోజులకే రమ్మనేవాడు. తర్వాత వారం, ఆ తర్వాత పదిహేను రోజులు అయింది. మధ్యలో ఒక నెల మళ్ళీ నాలుగు రోజులకు దిగింది. తమ్ముడు పుట్టిన నెల అది. మేం ఏమీ అనకుండా నాలుగు రోజులకే వెళ్ళాం. ఆయన మందులు మానకుండా వేసుకున్నాడు. షట్టరు సంగతి ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. చివర చివర ఆ సంగతి చెబుతూనే, తమ్ముడు చిన్నప్పుడు మూకుడు నెత్తిన బోర్లించుకుని తిరిగిన కథ కూడా చెప్పి నవ్వేవాడు.

నా రిటైర్మెంటుకు నెల ముందు వెళ్ళినప్పుడు పెళ్ళిళ్ళ సీజను. దుకాణం నిండా జనం. ఎవరో పెళ్ళికూతురి తల్లి బిందెల దగ్గర బేరమాడుతోంది, సేటు ఆమెకు తగ్గకుండా జవాబు చెబుతున్నాడు. మేం ఒక పక్కన నిలబడ్డాం. గిరాకీ తెమిలాక చేతులు తుడుచుకుంటూ వచ్చి మమ్మల్ని లోపలికి తీసుకెళ్ళాడు. తల్లి చాయ్ పెట్టించింది, మేం తాగాం. కాసేపు కూర్చుని లేచాం. గడప దగ్గర కండక్టరన్న అలవాటుగా అడిగాడు, సేటూ మళ్ళీ ఎప్పుడు రమ్మంటవ్ అని.

 సేటు మా ఇద్దరి మొహాల్లోకీ చూశాడు.

"ఇగ మీరు రాకుండ్రి అన్న," అన్నాడు. "మొయినాబాద్ల మీరు గిదంత నేర్పుతరు గద. తమ్ముడు పోయినోళ్ళు, అన్న పోయినోళ్ళు ఇంక ఎంతమంది ఉన్నరో. వాళ్ళ దగ్గరికి నేను పోత. మల్ల క్లాసు ఏ దినం పెడుతున్నరో చెప్పుండ్రి, నేనే వస్త."

వస్త అన్న మాట ఆ ఇంటి గడపలో నిలబడి, తల్లి వింటుండగా అన్నాడు. నేను రోజూ, టైమూ చెప్పాను. వచ్చాడు.